గ్రావెల్ బైక్‌కి ఏ ట్యూబ్ వేయాలి? బెంగళూరులో మనవాళ్ళు మాటిమాటికీ అడిగే ప్రశ్నలు

ఈ మధ్య బెంగళూరులో మన తెలుగు బ్యాచ్‌లో రోడ్ బైక్ అమ్మేసి గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల్లో కూడా తొక్కగలిగే లావు టైర్ల సైకిల్) కొన్నవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. బైక్ కొనేటప్పుడు గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు) గురించి మూడు నెలలు రీసెర్చ్ చేస్తారు, ట్యూబ్ దగ్గరికి వచ్చేసరికి షాపువాడు చేతిలో ఏది పెడితే అది తెచ్చుకుంటారు, తర్వాత హెసరఘట్ట దాటాక మట్టి రోడ్డు మీద కూర్చుని ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లలో వచ్చే ప్రశ్నలే ఇవన్నీ.

అన్నా, సోదంతా వద్దు, ఏది కొనాలో చెప్పేయ్.

నీ టైర్ 700 బై 38 నుంచి 45 మధ్యలో ఉండి, రిమ్ మామూలు అల్లాయ్ది అయితే, ఆ సైజు లోపల పడే మామూలు బ్యూటిల్ (నల్ల రబ్బరు) ట్యూబ్, ప్రెస్టా (సన్న) వాల్వ్, 48 మిమీ పొడవు, వాల్వ్ లోపలి ముక్క (కోర్) ఊడొచ్చే రకం. మూడు కొను, రెండు చక్రాల్లో, ఒకటి బ్యాగులో. డబ్బులు ఉంటే ఆ బ్యాగులోది మాత్రం టీపీయూ (పల్చటి ప్లాస్టిక్‌ది) తీసుకో, చిన్నగా మడతపడుతుంది. అంతే. ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు, కానీ వాల్వ్ గురించి, ప్రెషర్ గురించి ఉన్నవి చదివితే రోడ్డు మీద కూర్చునే టైమ్ తగ్గుతుంది.

టైర్ మీద 700x40సి అని ఉంది, పక్కనే 40-622 అని కూడా ఉంది. ట్యూబ్ డబ్బా మీద 28 ఇంచ్ అని రాసుంది. ఏది నమ్మాలి?

40-622 ని నమ్మండి. మొదటి అంకె టైర్ వెడల్పు, రెండోది టైర్ అంచు రిమ్ మీద కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. మిగతా పేర్లన్నీ పాతకాలం నుంచి వచ్చిన గందరగోళం. 700సి అన్నా, ఎంటీబీ (మౌంటెన్ బైక్) వాళ్ళు 29 ఇంచ్ అన్నా, యూరప్ కంపెనీలు 28 ఇంచ్ అన్నా 622 ఒక్కటే. 650బి అన్నా 27.5 అన్నా 584. పాత 26 ఇంచ్ ఎంటీబీది 559.

ఇక్కడ మన దేశంలో ఇంకో మెలిక ఉంది. మన ఊళ్ళల్లో పాలవాళ్ళు తొక్కే పెద్ద నల్ల సైకిల్ ఉంటుంది చూడండి, అది కూడా 28 ఇంచే, కానీ దాని కొలత 635. అంటే చిన్న ఊళ్ళో సైకిల్ షాపుకెళ్ళి 28 ట్యూబ్ ఇవ్వన్నా అంటే వాడు ఆ 28x1½ ఇస్తాడు. ట్యూబ్ రబ్బరు కాబట్టి 622 కి, 635 కి ఉన్న తేడా పెద్ద లెక్కలోకి రాదు, చాలా ట్యూబ్ డబ్బాల మీద రెండూ కలిపే రాస్తారు కూడా. ఇబ్బంది పెట్టేది వాల్వ్. ఆ సైకిళ్ళ వాల్వ్ కాడ లావుగా ఉంటుంది, మన ప్రెస్టా రిమ్ చిల్లులో దూరదు. ట్యూబ్ చేతిలో ఉంటుంది, చక్రం చేతిలో ఉంటుంది, కానీ ఎక్కించలేం. అందుకే పల్లెటూళ్ళవైపు వెళ్తున్నప్పుడు అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే అన్న ధైర్యం పెట్టుకోకండి.

ట్యూబ్ డబ్బా మీద 35-43 అని ఉంటుంది, నా టైర్ 45. వేయొచ్చా?

వేయొచ్చు, రబ్బరు సాగుతుంది. కానీ సాగేకొద్దీ గోడ పల్చబడుతుంది, గాలి కొంచెం తొందరగా దిగుతుంది, ముల్లు గుచ్చుకుంటే చిల్లు పెద్దది అవుతుంది. రెండు మిల్లీమీటర్లకి కొంపేం మునగదు. 28-32 రోడ్ ట్యూబ్‌ని 45 టైర్లో వేసి వారాల తరబడి తిప్పడం మాత్రం తప్పు, దాన్ని ఇంటికి చేరేదాకా వాడండి, ఇంటికొచ్చాక తీసేయండి.

దీనికి రివర్స్ అంటే పెద్ద ట్యూబ్‌ని చిన్న టైర్లో కుక్కడం ఇంకా చెత్త ఐడియా. 29 ఎంటీబీ ట్యూబ్ అంటే సుమారు 48 నుంచి 58 మిమీ టైర్ల కోసం చేసింది, దాన్ని 38 టైర్లో పెడితే లోపల ఎక్కడో ఒక మడత పడుతుంది, ఆ మడత దగ్గర రోజూ రాసుకుని రాసుకుని ఒకరోజు ఏ ముల్లూ లేకుండానే గాలి పోతుంది. పైగా ఎక్కించేటప్పుడే టైర్ అంచు కింద ఇరుక్కునే ఛాన్స్ ఎక్కువ. రెండింట్లో ఒకటే దొరికితే కొంచెం చిన్నదే తీసుకోండి.

రెండు రేంజ్‌లు మీ సైజుని కవర్ చేస్తుంటే (ఉదాహరణకి 28-47 ఒకటి, 40-62 ఒకటి, టైర్ 45) ఏది తీసుకోవాలి అని కూడా అడుగుతారు. బరువు తక్కువ కావాలంటే మొదటిది, గాలి ఎక్కువ రోజులు నిలవాలంటే, చిల్లు చిన్నగా ఉండాలంటే రెండోది. నేనైతే రెండోదే.

ప్రెస్టా, ష్రాడర్ గొడవేంటి? నా బైక్‌కి ఏదుందో ఎలా తెలుస్తుంది?

సన్నగా ఉండి, తల మీద చిన్న మర తిప్పి వదులు చేస్తేనే గాలి వెళ్ళేది ప్రెస్టా. కారుకీ మోటార్‌బైక్‌కీ ఉండేది ష్రాడర్. రిమ్ చిల్లు ప్రెస్టాకి సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు, ష్రాడర్‌కి ఎనిమిదిన్నర. కాబట్టి ప్రెస్టా ట్యూబ్‌ని పెద్ద చిల్లులో చిన్న రబ్బరు వాషర్ పెట్టి సర్దుకోవచ్చు, ష్రాడర్‌ని చిన్న చిల్లులో పెట్టలేరు. పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకోవచ్చు అనే ఆశతో రిమ్‌కి డ్రిల్ పెట్టిద్దామా అని ఒకాయన సీరియస్‌గానే అడిగారు. వద్దు సార్, యాభై రూపాయల ఇత్తడి అడాప్టర్‌తో అయిపోయే పనికి పాతిక వేల వీల్‌సెట్ ఎందుకు పాడు చేసుకోవడం.

ష్వాల్బే ట్యూబ్‌లు కొనేవాళ్ళకి ఒక చిన్న విషయం, డబ్బా మీద ఎస్‌వీ అంటే ప్రెస్టా, ఏవీ అంటే ష్రాడర్, డీవీ అంటే మన పాత సైకిల్ వాల్వ్. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ రెండక్షరాలు చూసుకోక ఏవీ తెప్పించుకుని రిటర్న్ పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

కోర్ ఊడొచ్చే ప్రెస్టా తీసుకోమని ఎందుకు అంటామంటే, సీలెంట్ (చిల్లుల్ని లోపలి నుంచి మూసే ద్రవం) పోయాలన్నా ఎక్స్‌టెండర్ (వాల్వ్‌ని పొడుగు చేసే గొట్టం) బిగించాలన్నా అది కావాలి. వాల్వ్ పైభాగంలో రెండు పక్కలా చదునుగా చెక్కినట్టు ఉంటే కోర్ ఊడుతుంది అని అర్థం. దీంతో ఒక తలనొప్పి కూడా ఉంది. మర తిప్పి బిగించే గొట్టం ఉన్న చిన్న పంపులతో గాలి కొట్టి, ఆ గొట్టం తిప్పి తీస్తే దాంతో పాటు కోర్ కూడా ఊడి వచ్చేస్తుంది, అప్పటిదాకా చెమటోడ్చి కొట్టిన గాలంతా తుస్సుమని పోతుంది. కొత్త ట్యూబ్ తేగానే కోర్‌ని ఒకసారి కోర్ టూల్‌తో బిగించి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

వాల్వ్ పొడవు ఎంత కావాలి?

రిమ్ లోతుకి ఇంకో 15-20 మిల్లీమీటర్లు కలపండి. 20-25 లోతు అల్లాయ్ రిమ్‌కి 48 సరిపోతుంది, 40 పెడితే అంచు మీద ఉంటుంది, కొన్ని పంపుల తల సరిగ్గా పట్టుకోకపోవచ్చు. 40 లోతు ఉన్న కార్బన్ రిమ్ అయితే 60 తీసుకోండి. మరీ పొడవైంది కొన్నా పోయేదేం లేదు, కొంచెం గడగడ శబ్దం చేస్తుంది అంతే.

బ్యూటిల్, టీపీయూ, లేటెక్స్: అసలు తేడా ఎంత?

బ్యూటిల్ అంటే మనందరికీ తెలిసిన నల్ల రబ్బరు ట్యూబ్. 40 మిమీ సైజులో ఒక్కోటి సుమారు 150 నుంచి 200 గ్రాములు ఉంటుంది, గాలి బాగా నిలబడుతుంది, ఏ మారుమూల పంచర్ షాపులో అయినా ప్యాచ్ పడుతుంది, చవక. మన దగ్గరే తయారవుతాయి, లుధియానా రాల్సన్, మన హైదరాబాద్ హార్టెక్స్ లాంటి కంపెనీలు ఎప్పట్నుంచో చేస్తున్నాయి. కాకపోతే ఇక్కడి కంపెనీల ట్యూబ్‌ల్లో ప్రెస్టా వాల్వ్, గ్రావెల్ సైజు రెండూ కలిసి ఉన్నది దొరుకుతుందో లేదో షాపులో చూసి తీసుకోవాలి.

టీపీయూ అంటే థర్మోప్లాస్టిక్ పాలీయూరథేన్, పల్చటి ప్లాస్టిక్ కవర్ లాగా రంగురంగులుగా కనపడేది. ట్యూబోలిటో, ష్వాల్బే ఏరోథాన్, పిరెల్లీ స్మార్‌ట్యూబ్ ఈ రకమే, చైనావి రైడ్‌నౌ లాంటివి సగం రేటుకి వస్తాయి. గ్రావెల్ సైజుది 40-60 గ్రాములే. రెండు చక్రాలకి కలిపి సుమారు పావు కిలో తగ్గుతుంది, మడతపెడితే అరచేతిలో పడుతుంది.

లేటెక్స్ గురించి ఎక్కువ చెప్పను. సాఫీగా దొర్లుతుంది, చిన్న ముల్లు తగిలితే సాగి తప్పించుకుంటుంది కూడా, కానీ రాత్రి నింపిన గాలి పొద్దునకి బాగానే దిగుతుంది, నూనె తగిలినా ఎండలో ఉన్నా పాడవుతుంది. రోజూ గాలి కొట్టే ఓపిక ఉన్నవాళ్ళ కోసం అది. ఆఫీసుకి వెళ్ళే బైక్‌కి అసలు వద్దు.

టీపీయూ వేసేస్తే స్పీడ్ పెరుగుతుందా?

కాగితం మీద పెరుగుతుంది. నున్నటి డ్రమ్ము మీద టెస్ట్ చేస్తే టీపీయూ, లేటెక్స్ రెండూ మామూలు బ్యూటిల్ కన్నా ఒక్కో టైర్‌కి కొద్ది వాట్లు తక్కువ తింటాయి. చిక్కబళ్ళాపుర వైపు క్వారీ లారీలు తిరిగి తిరిగి కంకర తేలిన రోడ్డు మీద మాత్రం ఆ కొద్ది వాట్ల కన్నా మీ టైర్ ప్రెషర్ సరిగ్గా ఉందా లేదా అన్నదే ఎక్కువ లెక్క. బరువు కోసం, బ్యాగులో చోటు కోసం కొంటున్నా అంటే సబబుగానే ఉంటుంది. స్ట్రావాలో (రైడ్‌లు రికార్డ్ చేసే యాప్‌లో) ర్యాంక్ కోసం అంటే మీ ఇష్టం.

టీపీయూతో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, ఇవి డబ్బా లోపల చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఎవరూ చదవరు. టైర్లో పెట్టకముందు దాంట్లో ఎక్కువ గాలి కొట్టకూడదు. రబ్బరు సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది, ఇది సాగితే సాగినట్టే ఉండిపోతుంది. ఆకారం రావడానికి ఒకటి రెండు పంపులు చాలు. రెండోది వేడి. రిమ్ బ్రేక్ ఉన్న బైక్‌లో నంది హిల్స్ దిగేటప్పుడు రిమ్ బాగా వేడెక్కుతుంది, చాలా టీపీయూ ట్యూబ్‌లు డిస్క్ బ్రేక్‌కే అని రాసి ఉంటాయి. గ్రావెల్ బైక్‌లు దాదాపు అన్నీ డిస్కే కాబట్టి మనకి పర్లేదు, పాత సైక్లోక్రాస్ బైక్‌నో హైబ్రిడ్‌నో గ్రావెల్‌గా వాడుతున్నవాళ్ళు చూసుకోండి. మూడోది, చాలావాటికి వాల్వ్ కాడ ప్లాస్టిక్‌ది, పంపు తలని లాగి పీకితే మొదట్లో చీలుతుంది.

ట్యూబ్‌తో ఎంత పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) పెట్టాలి?

అసలు సంగతి ఇదీ. ట్యూబ్ ఏ బ్రాండ్ అన్నదాని కన్నా దీని గురించే ఎక్కువ అడగాలి, తక్కువమంది అడుగుతారు.

70 కిలోల మనిషి, 40 మిమీ టైర్, సగం తారు సగం మట్టి అనుకుంటే ముందు 38-40, వెనక 43-45 దగ్గర మొదలుపెట్టండి. 85 కిలోలు అయితే ఇంకో ఐదు కలపండి. 45 మిమీ టైర్ అయితే ఐదు దాకా తగ్గించండి. ట్యూబ్‌లెస్ వాళ్ళు (లోపల ట్యూబ్ లేకుండా సీలెంట్ పోసి తిప్పేవాళ్ళు) 30 లో తిప్పుతున్నారు కదా అని మీరూ తగ్గిస్తే, మంచనబెలె వైపు రాళ్ళ దిగుడులో ఒక పదునైన రాయి టైర్‌ని రిమ్ దాకా నొక్కేస్తుంది, మధ్యలో ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిన్న గాట్లు పడతాయి. పాము కాటు అంటారే అదే. ట్యూబ్‌లెస్‌లో నలగడానికి ట్యూబ్ లేదు కాబట్టి వాళ్ళకి ఆ వెసులుబాటు, మనం వాళ్ళకన్నా కనీసం నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే పెట్టాలి.

అలాగని 60 కొట్టేసి రాయిలా గట్టిగా చేసుకుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి, మట్టి మీద వెనక చక్రం జారుతుంది, అప్పుడు గ్రావెల్ బైక్ కొని ఏం లాభం. ఇంకోటి, ఫ్లోర్ పంపు మీద ఉన్న మీటర్ తక్కువ ప్రెషర్ దగ్గర సరిగ్గా చూపించదు, 160 దాకా గీతలున్న చిన్న డయల్‌లో 38 కి 43 కి తేడా ఎలా తెలుస్తుంది? తక్కువ రేంజ్ డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కుంటే అది టీపీయూ కన్నా మంచి ఖర్చు.

నా వాల్వ్ ఒక పక్కకి వంగిపోయింది, ఎందుకు?

ప్రెషర్ తక్కువగా ఉన్నప్పుడు గట్టిగా బ్రేక్ వేస్తే టైర్ రిమ్ మీద పిసరంత జరుగుతుంది, దాంతో పాటు ట్యూబ్‌ని లాక్కుపోతుంది, వాల్వ్ మాత్రం చిల్లులో ఇరుక్కుని ఉంటుంది కదా, అందుకని వంగుతుంది. అలాగే వదిలేస్తే వాల్వ్ మొదట్లో చిరుగుతుంది, అక్కడ చిరిగితే ఏ ప్యాచూ పడదు. గాలి పూర్తిగా తీసి, టైర్‌ని చేత్తో వెనక్కి జరిపి వాల్వ్ నిటారుగా వచ్చాక మళ్ళీ కొట్టండి. వాల్వ్ మీద ఉండే గుండ్రటి నట్ వేలితో తగిలేదాకా తిప్పితే చాలు, కటింగ్ ప్లేయర్ అక్కర్లేదు.

బెంగళూరులో పంచర్లు అసలు దేనివల్ల అవుతాయి?

చోటుని బట్టి. హైవే పక్కన తొక్కితే, ముఖ్యంగా హైదరాబాద్ హైవే మీద, పేలిపోయిన లారీ టైర్ల లోపలి ఉక్కు తీగలు. జుట్టంత సన్నంగా, ఒక సెంటీమీటర్ పొడవుండే తీగ ముక్క టైర్లోకి దిగి, గాలి మెల్లగా పోతూ ఉంటుంది. ఊళ్ళో అయితే మెట్రో పనులు జరిగే చోట స్క్రూలు, గాజు. వాన పడ్డప్పుడు ఇంకా ఎక్కువ, తడి రబ్బరుని గాజు సులువుగా కోస్తుంది, కొట్టుకొచ్చిన చెత్తంతా రోడ్డు అంచుకే చేరుతుంది, మనం తొక్కేదీ అక్కడే.

మట్టి దారుల్లో తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. పల్లేరు గురించి చిన్నప్పుడు ఊళ్ళో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఎండాకాలంలో ఎండిన చెరువు గట్ల మీద బైక్‌ని పక్కకి దింపి ఫోటో తీసుకుని మళ్ళీ ఎక్కేలోపు టైర్‌కి మూడు నాలుగు అంటుకుని ఉంటాయి. అమెరికాలో గ్రావెల్ వాళ్ళు గోట్‌హెడ్ అని భయపడేది కూడా ఇదే మొక్క.

పొలాల్లో ఇంకోటి గమనించండి, కంచె వేయడానికి తుమ్మ కంప నరికి దారి పక్కన కుప్పేస్తారు. ఆ కుప్ప దగ్గర్నుంచి ఒక ఇరవై అడుగులు దిగి నడిచి వెళ్ళడం సిగ్గుపడే పనేం కాదు.

కొత్త ట్యూబ్ వేసిన పది నిమిషాలకే మళ్ళీ పంచర్. ట్యూబ్ డిఫెక్టివ్ పీసా?

చాలావరకు కాదు. మొదటి ముల్లు ఇంకా టైర్లోనే ఉంది. బయట నుంచి చూస్తే ఏమీ కనపడదు, ఎందుకంటే ముల్లు తల విరిగిపోయి మొన మాత్రం రబ్బరులో ఉండిపోతుంది. టైర్ లోపల వేలు పెట్టి మెల్లగా చుట్టూ తడమాలి, గాజు ఉంటుందేమో అని భయమైతే కొంచెం దూదో పాత బనియన్ గుడ్డో పెట్టి తిప్పండి, తీగ ఉన్నచోట పోగు పట్టుకుని లాగుతుంది. రెండు వైపులా తిప్పండి, తీగ ఏటవాలుగా ఉంటే ఒక వైపు నుంచి గుడ్డ జారిపోతుంది, రెండో వైపు నుంచి తట్టుకుంటుంది. దొరికాక గోరుతో రాకపోతే లోపలి నుంచి బయటికి తోసి, చిన్న పట్టకారుతో లాగండి.

ఇంకో పద్ధతి, పాత ట్యూబ్ తీసేటప్పుడే అది టైర్లో ఎటు ఉందో గుర్తు పెట్టుకోవడం. అందుకే నేను టైర్ మీద బ్రాండ్ పేరుని ఎప్పుడూ వాల్వ్ దగ్గరే వచ్చేలా ఎక్కిస్తా. ట్యూబ్‌లో చిల్లు వాల్వ్ నుంచి జానెడు దూరంలో ఉంటే టైర్లో కూడా పేరు నుంచి జానెడు దూరంలో వెతికితే చాలు, అటో ఇటో.

చిల్లు ట్యూబ్ లోపలి వైపు, అంటే రిమ్‌ని ఆనుకునే వైపు ఉంటే ముల్లుని తిట్టుకోకండి, అది రిమ్ టేప్ పని. స్పోక్ రంధ్రం మీద టేప్ జరిగి ఉంటుంది, ఆ అంచు ట్యూబ్‌ని కోస్తుంది.

నేను ఆల్రెడీ ట్యూబ్‌లెస్. నాకు ట్యూబ్‌తో పనేంటి?

సీలెంట్ చిన్న చిల్లులు మూస్తుంది, ప్లగ్ (చిల్లులో కుక్కే రబ్బరు ముక్క) ఇంకొంచెం పెద్దవి మూస్తుంది, పక్క గోడ చీలితే రెండూ మూయవు. అప్పుడు లోపల ఒక గట్టి ముక్క ఆనించి ట్యూబ్ వేసుకునే ఇల్లు చేరాలి. పాత టైర్ నుంచి కోసిన ముక్క బెస్ట్, పాత టూత్‌పేస్ట్ ట్యూబ్ కోసి పెట్టుకున్నా పనికొస్తుంది, ఏమీ లేకపోతే పది రూపాయల నోటు మడత. అమెరికాలో కాన్సస్‌లో అన్‌బౌండ్ అని పెద్ద గ్రావెల్ రేస్ జరుగుతుంది, 200 మైళ్ళది, అక్కడి చెకుముకి రాళ్ళు టైర్ గోడల్ని కోసేయడంలో ఫేమస్, ట్యూబ్‌లెస్ మీద రేస్ చేసేవాళ్ళు కూడా స్పేర్ ట్యూబ్ పెట్టుకునే స్టార్ట్ లైన్‌కి వస్తారు.

ట్యూబ్ వేసే ముందు ట్యూబ్‌లెస్ వాల్వ్ తీసేయాలి, దాని నట్ పోయిన ఏడాది ఎప్పుడో బిగించి ఉంటారు, సీలెంట్ పట్టేసి చేత్తో రాదు. ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి తిప్పి చూసుకోండి. టైర్ లోపల సీలెంట్‌లో గుచ్చుకుని ఉండిపోయిన పాత ముళ్ళన్నీ కూడా తీయాలి, అవి ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు కానీ ట్యూబ్ వేయగానే ఒకేసారి గుచ్చుతాయి.

అయితే ట్యూబ్‌లెస్‌కే వెళ్ళిపోవాలా?

వారంలో రెండు మూడుసార్లు మట్టిలో తొక్కేవాళ్ళైతే వెళ్ళండి. నెలకొకసారి తొక్కి మిగతా రోజులు బైక్‌ని బాల్కనీలో పెట్టేవాళ్ళకి వద్దంటా, మన ఎండలకి రెండు మూడు నెలల్లో సీలెంట్ ఎండిపోయి జిగురు ముద్దలవుతుంది, దాన్ని ఎప్పటికప్పుడు పోయకపోతే ట్యూబ్‌లెస్ వల్ల ఉపయోగమే లేదు. ట్యూబ్‌కి ఆ సేవలేం అక్కర్లేదు.

ట్యూబ్‌లోనే సీలెంట్ పోస్తే?

బ్యూటిల్‌లో పోయొచ్చు, కోర్ ఊడే వాల్వ్ ఉండాలి. పల్లేరు లాంటి చిన్న చిల్లులకి బాగానే పనిచేస్తుంది, పాము కాటుకి పనిచేయదు. కానీ తర్వాత ఆ ట్యూబ్‌కి ప్యాచ్ వేయాలంటే చిల్లులోంచి సీలెంట్ కారుతూ ఉంటుంది, సొల్యూషన్ అంటుకోదు. టీపీయూలో పోయాలంటే ఆ కంపెనీవాడు ఒప్పుకున్నాడో లేదో చూసి పోయండి.

లావు ట్యూబ్, థార్న్ ప్రూఫ్ అని అమ్ముతున్నారు, బాగుంటాయా?

బరువు మామూలుదానికి రెట్టింపు దాకా ఉంటుంది, బైక్ మొద్దుబారినట్టు అవుతుంది. ముల్లుని కొంతవరకు ఆపుతుంది, ఉక్కు తీగని ఆపదు. ఆ డబ్బు మంచి టైర్ మీద పెట్టండి.

టైర్ ఎక్కించేటప్పుడే ట్యూబ్ చిరుగుతోంది, ఏం చేయాలి?

ట్యూబ్‌లెస్ రెడీ టైర్లు చాలా టైట్‌గా ఉంటాయి, అందుకే చాలామంది చివర్లో లీవర్‌తో కక్కుర్తి పడి ట్యూబ్‌ని నొక్కేస్తారు. ఎక్కించే ముందు ట్యూబ్‌కి గుండ్రటి ఆకారం వచ్చేంత గాలి కొట్టండి, కొంచెం టాల్కం పౌడర్ రాయండి (ఇంట్లో పాండ్స్ డబ్బా చాలు, వాసన బోనస్). రెండో అంచు ఎక్కించేటప్పుడు వాల్వ్‌కి ఎదురుగా మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి, రిమ్ మధ్యలో పల్లంగా ఉంటుంది చూడండి, ఎక్కిన అంచుని రెండు చేతులతో చుట్టూ నొక్కుతూ ఆ పల్లంలోకి తోస్తే చివర్లో వేలెడు వదులు దొరుకుతుంది. ఆ వదులుతో బొటనవేళ్ళతోనే ఎక్కిపోతుంది. అయ్యాక వాల్వ్‌ని ఒకసారి పైకి తోసి వదలండి, ట్యూబ్ అక్కడ అంచు కింద ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. చుట్టూ టైర్‌ని పక్కకి వంచి ట్యూబ్ తొంగి చూస్తోందేమో చూసుకుని, 20 దాకా కొట్టి, అంచు రిమ్ మీద అన్నిచోట్లా సమంగా కూర్చుందని చూశాక మిగతాది కొట్టండి. స్క్రూడ్రైవర్ వాడేవాళ్ళతో నేను మాట్లాడను.

పంచర్ షాపులో ప్యాచ్ వేయించుకోవచ్చా?

బ్యూటిల్‌కి నిక్షేపంగా. చాలా షాపుల్లో ప్రెస్టా చూసి గాలి ఎలా కొట్టాలి అని అడుగుతారు, మీ పంపు మీరే ఇవ్వండి. బాగేపల్లి, చింతామణి వైపు అయితే తెలుగులోనే వివరంగా చెప్పుకోవచ్చు, అదో సుఖం. టీపీయూ మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకండి, రబ్బరు సొల్యూషన్ దానికి పట్టదు, గరుకు కాగితంతో గీకితే ఉన్నది కూడా పోతుంది. దానికి వేరే ప్యాచ్‌లు వస్తాయి, స్పిరిట్ గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాక అంటించాలి.

సొంతంగా బ్యూటిల్‌కి వేసుకునేవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, తొందర. సొల్యూషన్ రాసి వెంటనే ప్యాచ్ పెట్టేస్తారు. మూడు నాలుగు నిమిషాలు ఆగండి, మెరుపు పోయి మసకగా అవుతుంది, అప్పుడు పెట్టి గట్టిగా నొక్కండి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ కొన్ని నెలలకి లోపలే ఎండిపోతుంది, కాబట్టి ప్యాచ్ కిట్ ఉంది కదా అని ధీమాగా వెళ్ళే ముందు ఆ చిన్న ట్యూబ్‌ని ఒకసారి నొక్కి చూడండి.

పెట్రోల్ బంకులో గాలి కొట్టొచ్చా?

ఇత్తడి అడాప్టర్ పెట్టుకుని కొట్టొచ్చు. బంకు కుర్రాడికి 40 అని చెప్పి, మీరు దగ్గరుండి చూడండి, సైకిల్ ట్యూబ్‌లో గాలి పట్టేది తక్కువ, సెకన్లలో దాటిపోతుంది.

సీఓటూ కార్ట్రిడ్జ్ (గ్యాస్ నింపిన చిన్న సిలిండర్) ఒక్కటి సరిపోతుందా?

16 గ్రాములది 40 మిమీ టైర్‌ని తొక్కగలిగేంత నింపుతుంది, ఇంకా లావు టైర్‌కి 25 గ్రాములది చూడండి. బ్యూటిల్ గుండా ఆ గ్యాస్ మామూలు గాలికన్నా త్వరగా బయటికి పోతుంది, కాబట్టి ఇంటికొచ్చాక తీసేసి మామూలు గాలి కొట్టండి. కార్ట్రిడ్జ్ ఉన్నా చిన్న పంపు కూడా ఉండాలి, కార్ట్రిడ్జ్‌కి రెండో ఛాన్స్ ఉండదు.

నా రిమ్ హుక్‌లెస్ (టైర్ అంచుని పట్టుకునే కొక్కెం లేనిది). ట్యూబ్ వేయొచ్చా?

వేయొచ్చు, టైర్ మాత్రం ట్యూబ్‌లెస్ రెడీదే, ఆ రిమ్ కంపెనీ ఒప్పుకున్నదే అయి ఉండాలి. హుక్‌లెస్ రిమ్‌కి గరిష్ఠంగా 72.5 పీఎస్ఐ, మన గ్రావెల్ ప్రెషర్లు దాని దరిదాపుల్లో కూడా ఉండవు.

లేపాక్షి దాకా వెళ్ళి రావాలనుకుంటున్నాం, ఎన్ని ట్యూబ్‌లు పెట్టుకోవాలి?

మనిషికి రెండు, గుంపుకి ఒక ప్యాచ్ కిట్. అందరి టైర్లూ ఒకే సైజు అయితే ఒకరివి ఒకరికి పనికొస్తాయి, ఒకరిద్దరు 650బి మీద ఉంటే వాళ్ళవి వాళ్ళే తెచ్చుకోవాలి.

ట్యూబ్‌ని బ్యాగులో టూల్స్‌తో కలిపి పడేయకండి. మట్టి రోడ్డు మీద ఆ అలెన్ కీ గంటల తరబడి ట్యూబ్‌కి రాసుకుని చిల్లు చేస్తుంది, తీరా కావాల్సినప్పుడు స్పేర్‌కే పంచర్ అయి ఉంటుంది. పాత సాక్స్‌లో చుట్టి, వాల్వ్‌కి ప్లాస్టిక్ మూత పెట్టి ఉంచండి. ఆ మూత చక్రంలో ఉన్నప్పుడు పెద్దగా అక్కరకి రాదు, బ్యాగులో ఉన్నప్పుడు వాల్వ్ మొన ట్యూబ్‌ని గుచ్చకుండా ఆపుతుంది. ఆరు నెలలకోసారి తీసి, గాలి కొట్టి, ఒక రాత్రి ఉంచి చూడండి.

ప్యాచ్‌లు నిండిపోయిన పాత ట్యూబ్‌లు పారేయాలా?

అడ్డంగా కోస్తే మంచి రబ్బరు బ్యాండ్లు వస్తాయి, నిలువుగా చీల్చి చైన్ తగిలే చోట ఫ్రేమ్‌కి చుట్టొచ్చు. మా గ్యాంగ్‌లో ఒకావిడ వాటితో మేడ మీద టమాటా మొక్కలు కర్రలకి కడతారు. వాల్వ్ మాత్రం కోసి కోర్ తీసి దాచుకోండి, ఏదో ఒకరోజు మీ చిన్న పంపు చక్రంలో ఉన్న కోర్‌ని ఊడపీకి గడ్డిలో పడేసినప్పుడు అవసరం పడుతుంది.